ఆరింటికి మస్టరు, తొమ్మిదింటికి బడి

2018 జూన్‌లో చెన్నైలో వీధులు ఊడ్చేవాళ్ల సందొకదానిలో పిల్లల కోసం మా సంస్థ మొదలుపెట్టింది సాయంత్రం ట్యూషన్. అది తప్పు పని అని అర్థం కావడానికి ఏడాది పైనే పట్టింది. ఈ అనుభవం రాస్తున్నది ఎక్కువగా ఆ తప్పు గురించే. ఇలాంటి పని చేసేవాళ్లు చాలామంది ఇక్కడే మొదలుపెడతారు, నాలాగే ఇక్కడే ఇరుక్కుంటారు.

ఉత్తర చెన్నైలో పులియంతోపు వైపు 42 ఇళ్ల సందు అది. దాదాపు అందరిదీ ఒకటే పని. తెల్లారకముందే వీధులు ఊడ్చడం, చెత్త బండి తొయ్యడం, లారీ మీద ఎక్కడం. తాతల కాలంలో నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈ పనికే వచ్చారు. మద్రాసు కార్పొరేషన్ 1688లో పుట్టింది. ఊరు పెరిగినకొద్దీ దాన్ని శుభ్రం చేసే చేతులు తెలుగు జిల్లాల నుంచి వచ్చాయి. రెండు మూడు తరాలు గడిచినా ఇళ్లలో మాట తెలుగే. పెళ్లి సంబంధాలు కావలి, కందుకూరు వైపు నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. కాకపోతే తెలుగులో "టైమాయిపోచ్చు" లాంటి తమిళం కూడా కలిసిపోయింది.

ట్యూషన్‌కి మొదటి నెల నాలుగో తరగతి నుంచి తొమ్మిది దాకా 34 మంది వచ్చారు. దసరాకి 15 మందయ్యారు. వచ్చినవాళ్లలో ఆరో తరగతి పిల్ల ఒకతి ఉండేది. పదకొండేళ్లు. లెక్కల పుస్తకం తెరిచిన పది నిమిషాలకే తల వాల్చేసేది. రక్తహీనత అనుకున్నాను. ఐరన్ మాత్రలు ఇప్పించాను. నా నోట్‌బుక్‌లో ఆ పిల్ల పేరు పక్కన "ఆసక్తి తక్కువ" అని రాసుకున్నాను కూడా. ఆ పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి చూపిస్తుంటాను.

తల్లుల మీటింగ్ పెడితే ముగ్గురొచ్చేవాళ్లు. "చదువు విలువ తెలియదు వీళ్లకి" అని ఆఫీసులో అన్నానో లేదో సరిగ్గా గుర్తులేదు గానీ, మనసులో మాత్రం అనుకున్నాను.

ఐదుంబావుకి సందులో

2019 జూలైలో ఒకరోజు, సర్వే ఫారం నింపడానికి ఒకామె ఎప్పుడూ దొరకడం లేదని, "నువ్వు ఇంట్లో ఉండే టైము చెప్పు, అప్పుడే వస్తా" అన్నాను. "పొద్దున ఐదుకి రా అక్కా" అంది నవ్వుతూ. నేను నిజంగానే వెళ్లాను.

ఐదుంబావుకి సందంతా మేలుకొని ఉంది. ఆడవాళ్లు నిలబడే టీ తాగుతున్నారు. ఆరింటికి మస్టరు. హాజరు పలికేటప్పుడు లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. కొందరి మస్టరు పాయింటుకి రెండు బస్సులు మారాలి. ఐదున్నరకల్లా సందులో పెద్దవాళ్లు దాదాపు లేరు. మొగుళ్లలో సగం మంది అదే పనిలో ఉన్నారు. మిగతావాళ్లలో కొందరు రాత్రి తాగిన మత్తులో పడుకొని ఉన్నారు. లేచి ఉన్నది ఎవరంటే మా ట్యూషన్‌లో నిద్రపోయే ఆ పదకొండేళ్ల పిల్ల. చంకలో ఏడాదిన్నర చెల్లెలు, పక్కన మూడేళ్ల తమ్ముడు. పొయ్యి మీద అన్నం.

ఆ రోజు తొమ్మిదిన్నర దాకా అక్కడే కూర్చున్నాను. పిల్ల తమ్ముడికి ముఖం కడిగింది, చెల్లెలికి గంజి తాగించింది, నీళ్ల లారీ వస్తే నాలుగు బిందెలు పట్టింది. అంగన్‌వాడీ తలుపు తీసేదాకా ఆగి, ఇద్దరినీ అక్కడ వదిలి, తర్వాత బడికి పరుగు తీసింది. అప్పటికి ఫస్ట్ పీరియడ్ అయిపోయింది. రెండోది సగంలో ఉంది. ఆ పీరియడ్లలో ఉండేవి లెక్కలు, తమిళం. లెక్కల పుస్తకం తెరవగానే నిద్ర ఎందుకొచ్చేదో అప్పుడు తెలిసింది. ఆ పాఠాలు ఆ పిల్ల ఏడాది నుంచీ వినలేదు.

మరో ఆరు రోజులు అదే టైముకి వెళ్లాను. ఇలా చిన్నపిల్లల్ని చూసుకుంటున్న పెద్ద ఆడపిల్లలు ఆ సందులో ఏడుగురు తేలారు. ఏ ఇంట్లో పెద్దపిల్ల లేదో ఆ ఇంట్లో చిన్నపిల్లలు అంగన్‌వాడీకే వెళ్లడం లేదు. తల్లి రెండు గంటలకి పని దిగి వచ్చేదాకా తలుపుకి బయట గొళ్లెం.

అంటే మేము రెండు వేర్వేరు సమస్యలు అనుకున్నవి ఒకే ముడికి రెండు కొసలు. మూడేళ్లవాడు అంగన్‌వాడీకి టైముకి చేరకపోవడం, ఆరో తరగతి పిల్ల బడిలో వెనకబడటం. ఐదున్నరకీ తొమ్మిదికీ మధ్య పెద్దవాళ్లెవరూ లేని ఆ మూడున్నర గంటలు. దానికి మేము సాయంత్రం ఆరింటికి మందు రాస్తున్నాం.

సొల్లు

ఆ మూడేళ్లవాడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సందంతా వాణ్ణి "బాబు" అనే పిలుస్తుంది కాబట్టి నేనూ అలాగే రాస్తాను. తల్లి పనికి పోవాలని ఏడాది నిండకముందే వాణ్ణి కావలి దగ్గర అమ్మమ్మ ఊళ్లో వదిలింది. మూడో ఏట తిరిగి తెచ్చుకుంది. వాడికి తమిళం ముక్క రాదు.

అంగన్‌వాడీ టీచరమ్మ మంచి మనిషి. ఆమె "వీడు మాట్లాడడు, చెవి పరీక్ష చేయించండి" అని నాతో అంది. నేనూ ఒకరోజు అక్కడ కూర్చున్నాను. ఆమె వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకొని "ఉన్ పేర్ ఎన్న? సొల్లు, సొల్లు" అని ముద్దుగా అడిగింది. వాడు గబుక్కున చొక్కా అంచుతో మూతి తుడుచుకున్నాడు. ఆమె మళ్లీ "సొల్లు" అంది. వాడు మళ్లీ తుడుచుకున్నాడు, ఈసారి గట్టిగా.

తమిళంలో సొల్లు అంటే చెప్పు. కావలిలో సొల్లు అంటే మూతి నుంచి కారేది. వాడికి చెవులు బాగానే వినిపిస్తున్నాయి. చెప్పిన పనీ చేస్తున్నాడు. నీళ్ల దగ్గరా ఇదే గోల. ఆయా గ్లాసు పట్టుకొని "తణ్ణి కుడి" అంటూ దగ్గరికి వస్తే వాడు గోడకి అతుక్కుపోయేవాడు. తన్ని అన్న మాట వాడికి ఇంట్లో బాగా పరిచయం.

టీచరమ్మకి ఇది చెబితే నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకుంది. ఎన్నేళ్లలో ఎంతమంది పిల్లల పేర్ల పక్కన "పేచ్చు వరలై" (మాట రాలేదు) అని రాశానో అంది. ఆ తర్వాత మేము చేసింది చాలా చిన్న పని. నలభై మాటల పట్టీ ఒకటి రాసి గోడకి అంటించాం. ఆకలి, నీళ్లు, ఒంటికి, నొప్పి, ఇంటికి, ఇంకా కావాలి, వద్దు. తెలుగు మాటని తమిళ అక్షరాల్లో రాశాం, టీచరమ్మ పలకడానికి. పిల్లలకి తమిళం నేర్పే ముందు టీచరమ్మకి నలభై తెలుగు మాటలు వచ్చాయి. కొత్తగా చేరే ప్రతి బిడ్డతో మొదటి పదిహేను రోజులు సందు నుంచి ఒక పెద్దామె వచ్చి గంటసేపు కూర్చోవాలని మాట అనుకున్నాం. సంక్రాంతికల్లా బాబు రెండు భాషల్లోనూ పోట్లాడటం మొదలుపెట్టాడు.

అరుగు

ఆ మూడున్నర గంటల సంగతి తేల్చింది మేము కాదు. 2020 మార్చి లాక్‌డౌన్.

అందరూ ఇళ్లలో కూర్చుంటే ఈ సందు మాత్రం పనికి పోయింది. అంగన్‌వాడీ మూత, బడి మూత, బస్సులు లేవు. చెత్త లారీలోనే ఎక్కి వెళ్లేవాళ్లు. అప్పుడు సందు మొదట్లో ఉండే పెద్దమ్మ (అందరూ అలాగే పిలుస్తారు, ముప్పై ఏళ్లు ఊడ్చి మానేసిన మనిషి) తన అరుగు మీద చాపలు వేసి, "పసిబిడ్డల్ని ఇక్కడ పడేసి పొండి, నేనుండానుగా" అంది. మొదటి వారం ఐదుగురు. నెల తిరిగేసరికి పద్దెనిమిది మంది.

బడులు తెరిచాక కూడా అరుగు ఆగలేదు. తమిళనాడులో ఒకటి నుంచి ఎనిమిది తరగతులు 2021 నవంబర్ 1న తెరుచుకున్నాయి. అప్పటికి పద్ధతి కుదురుకుంది. ఐదున్నరకి తల్లులు నిద్రలో ఉన్న పిల్లల్ని తెచ్చి చాప మీద పడుకోబెడతారు. ఏడింటికి అందరినీ లేపడం. నీలం డ్రమ్ము దగ్గర వరసగా ముఖాలు. ఎనిమిదింటికి బడి పిల్లల్ని ఒకామె, ఎనిమిదిన్నరకి అంగన్‌వాడీ పిల్లల్ని ఇంకొకామె తీసుకెళ్తారు. ఈ ఇద్దరూ మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు, వారానికొకసారి మారతారు. చిన్నపిల్లల్ని పెద్ద ఆడపిల్లల తోడుతో పంపించకూడదు. ఈ ఒక్క నియమం దగ్గర మేము పట్టుబట్టాం. మిగతాదంతా వాళ్ల ఇష్టం. పట్టుబట్టకపోతే రెండు వారాల్లో పని మళ్లీ ఆ ఏడుగురి చంకలోకే వచ్చేది, చూస్తూ ఉన్నాను.

డబ్బు దగ్గర నేనొకటి అనుకున్నాను, వాళ్లు ఒకటి అన్నారు. పెద్దమ్మకి మా సంస్థ నుంచి నెల జీతం ఇద్దామన్నాను. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "మీరు జీతమిస్తే ఆమె మీ మనిషైపోద్ది అక్కా. రేపు మీరు పోతే అరుగూ పోద్ది." చీటీ పాట నడిపే ఆమె చేతిలోనే ఈ లెక్కా పెట్టారు. పదేళ్లలోపు బిడ్డ ఉన్న ఇంటికి నెలకి వంద రూపాయలు. 19 ఇళ్లు. కాగితం మీద 1,900. చేతికి వచ్చేది పద్నాలుగు వందలు దాటిన నెలలు తక్కువ. ఇవ్వని ఇంటి బిడ్డని వద్దనడం పెద్దమ్మకి చేతకాదు. "బిడ్డేం చేసిందిలే" అంటుంది. దాని మీద రెండుసార్లు పెద్ద గొడవైంది, ఒకసారి జుట్లు పట్టుకునే దాకా వచ్చింది. మా వైపు నుంచి డ్రమ్ము, చాపలు, దెబ్బలకి మందుల పెట్టె, అరుగుకి అడ్డంగా ఒక చిన్న గేటు. అంతే.

2022లో పెద్దమ్మకి డెంగీ వచ్చి మూడు వారాలు పడుకుంటే అరుగు మూడు రోజుల్లో కూలిపోయింది. అది మా పొరపాటు కూడా. అంతా ఒక్క మనిషి మోకాళ్ల మీద నిలబెట్టాం. అప్పటి నుంచి నలుగురి పేర్లు గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంటాయి.

పొద్దున తిండి సంగతి ప్రభుత్వం వల్ల తేలికైంది. ముఖ్యమంత్రి ఉదయ ఆహార పథకం 2022 సెప్టెంబర్ 15న మదురైలో మొదలై, 2023 ఆగస్టు 25న రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ వచ్చింది. ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్లకి ఉప్మా, పొంగల్, కిచిడీ. అంతకుముందు ఎనిమిదింటికి బడికి బయల్దేరదీయడం మహా యాగం. పథకం వచ్చాక పిల్లలే పరుగు. "ఈరోజు రవ్వ కిచిడీ" అని వాళ్లే గుర్తుపెట్టుకుంటారు. (ఈ ఊరికి బడిలో తిండి కొత్త కాదు. 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లాడికి రోజుకి అణా మించని ఖర్చుతో టిఫిన్ పెట్టించింది పిట్టి త్యాగరాయ చెట్టి కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. ఆయన ఇంటి మాట తెలుగే. ఈ మాట సందులో చెబితే పెద్దమ్మ నమ్మలేదు.)

పాపు, పాబు

బాబు ఒకటో తరగతిలో చేరిన 2022 జూన్‌లోనే బడుల్లో 'ఎణ్ణుం ఎళుత్తుం' వచ్చింది. మూడో తరగతి లోపు పిల్లల్ని అరుంబు, మొట్టు, మలర్ అని మూడు మెట్లుగా విడదీసి, ఎవరు ఏ మెట్టులో ఉంటే అక్కడి నుంచి చదివించడం. మొగ్గ, పూవు పేర్లు. పద్ధతి మంచిదే. కానీ ఇంట్లో సాయం చేసేవాళ్లెవరు? ఈ తల్లుల్లో చదువుకున్నవాళ్లు కార్పొరేషన్ తెలుగు మీడియంలో నాలుగైదు తరగతులు చదివినవాళ్లు. 2006 తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున తప్పనిసరి చేసుకుంటూ వచ్చి 2015-16లో పదో తరగతికి చేరింది. దానికి ముందు తరం తల్లులు, తర్వాతి తరం పిల్లలు ఒకే ఇంట్లో ఉన్నారు. తల్లికి వచ్చిన అక్షరాలు బిడ్డ పుస్తకంలో లేవు.

"తమిళానికి అక్షరాలు తక్కువ కదక్కా, తొందరగా వచ్చేస్తాది" అనేవాళ్లు. పన్నెండు అచ్చులు, పద్దెనిమిది హల్లులు, 'ఆయ్దం' అనే ఇంకో అక్షరం. నిజానికి తెలుగు నోటికి తిప్పలు అక్కడే. క, గ రెండిటికీ ఒకే అక్షరం. ప, బ కి ఒకటే. తమిళం ఇంటి మాట అయినవాడికి ఎక్కడ ఏది పలకాలో చెవే చెబుతుంది. మా వాడి చెవి తెలుగు చెవి. బడి పుస్తకం మీద తన పేరు చూసి "పాపు" అని చదివాడు. అది తన పేరని ఒప్పుకోలేదు. మాట మొదట్లో వస్తే ప, మధ్యలో వస్తే బ అని సూత్రం చెప్పాం. వెంటనే "పాబు" అని చదివాడు. సూత్రం ప్రకారం వాడే కరెక్టు. పరాయి మాటలకి ఆ సూత్రం పనిచేయదని ఆరేళ్లవాడికి ఎలా చెప్పడం? సందులో కుర్రాళ్లు ఇప్పటికీ వాణ్ణి పాబు అని ఏడిపిస్తారు.

దీన్ని సర్దింది ప్లస్ టూ పాసై ఇంట్లో ఉన్న ఆ సందు అమ్మాయే. ఇంటి దగ్గరికే చదువు తెచ్చే ప్రభుత్వ పథకం, 2021 అక్టోబర్‌లో మొదలైన 'ఇల్లం తేడి కల్వి'లో వాలంటీరుగా చేరింది. నెలకి వెయ్యి రూపాయలు, సాయంత్రం గంటన్నర. నాలుగేళ్లు మా ట్యూషన్‌లో జీతగాళ్లు చేయలేని పని ఆమె చేసింది. కారణం సులువే. ఏ తమిళ మాట ఈ పిల్లల చెవిలో తెలుగు మాటలా మోగుతుందో ఆమెకి తెలుసు. తనూ అదే దారిలో వచ్చింది. మేము సాయంత్రం ట్యూషన్ మూసేసి ఆ గది ఆమెకి ఇచ్చేశాం.

కాగితాలు

ఐదో తరగతి దాటాక నా పని ముప్పాతిక వంతు కాగితాలే. ఈ ఇళ్లలో పిల్లల్ని రెండేళ్లు ఊరికి పంపి మళ్లీ తెచ్చుకోవడం మామూలు. నాన్న తాగుడు పెరిగినా, ఇల్లు ఖాళీ చేయించినా, ఆడపిల్ల పెద్దమనిషైనా ముందు కావలి బస్సే. తిరిగొచ్చాక టీసీ లేదని ఒక బడిలో చేర్చుకోలేదు. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. ఆ సెక్షన్ తమిళంలో ప్రింటు తీసి సంచిలో పెట్టుకొని తిరుగుతాను. చూపించాల్సి వచ్చింది రెండుసార్లే. సంచిలో ఉందని తెలిస్తేనే సగం పనవుతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఒకటుంది, అది ఇళ్లలో ఎవరికీ తెలియదు. 2022 సెప్టెంబర్ 5న వచ్చిన 'పుదుమై పెణ్' పథకంలో కాలేజీకి వెళ్లే ఆడపిల్లకి నెలకి వెయ్యి రూపాయలు ఇస్తారు. కానీ ఆరు నుంచి పన్నెండు దాకా తమిళనాడు ప్రభుత్వ బడిలోనే (లేదా ఎయిడెడ్ బడి తమిళ మీడియంలో) చదివి ఉండాలి. ఏడో తరగతి కావలిలో చదివిందనుకోండి, మధ్యలో గొలుసు తెగిపోయినట్టే. పన్నెండేళ్ల పిల్లని బస్సెక్కించేటప్పుడు పద్దెనిమిదో ఏటి వెయ్యి రూపాయలు ఎవరికి గుర్తొస్తాయి? అందుకని ఐదో తరగతి పిల్లల తల్లులతోనే ఈ లెక్క వేసి చెబుతున్నాం, నెలకి వెయ్యి చొప్పున మూడేళ్ల డిగ్రీకి ముప్పై ఆరు వేలు అని. చదువు విలువ గురించి నేను చేసిన ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఈ ముప్పై ఆరు వేలు ఒక ఎత్తు.

కుల ధ్రువపత్రం ఇంకో చిక్కు. షెడ్యూల్డు కులాల 18 శాతంలో అరుంధతీయర్‌లకి 3 శాతం అని 2009లో చట్టం వచ్చింది. ఆది ఆంధ్ర, మాదిగ కూడా అందులో చేరతాయి. కానీ ఒకే తల్లి బిడ్డల్లో ఒకడి కాగితంలో ఒక పేరు, ఇంకొకరి దాంట్లో ఇంకో పేరు, ఇంటి పేరు అక్షరాలు మూడు రకాలు. ప్లస్ టూ రిజల్టు వచ్చాక పరిగెత్తితే అయ్యేది కాదు. ఇప్పుడు ఒకటో తరగతిలో చేర్చే నెలలోనే చేయిస్తున్నాం. చీటీ పాట ఆమె దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. వాన కాలంలో ఆ ఫైళ్లు ఆమె ఇంటి అటక మీద, పప్పుల డబ్బాల పక్కన.

కానివి

మగపిల్లల దగ్గర మేము ఓడిపోయాం. తొమ్మిదో తరగతిలో ముగ్గురు మానేశారు. ఒకడు బైకు మెకానిక్ దగ్గర, ఇద్దరు పెళ్లిళ్ల క్యాటరింగ్‌లో వడ్డనకి. ముహూర్తాల రోజుల్లో వాళ్లు తెచ్చే డబ్బు ముందు నా మాట చెల్లదు. అరుగు పదేళ్లలోపు వాళ్లకి. పద్నాలుగేళ్లవాడికి ఏ అరుగు వెయ్యాలో నాకింకా దొరకలేదు.

తెలుగు అక్షరాలు నేర్పమని తాతలు అడిగితే ఆదివారం క్లాసు పెట్టాం. ఏడు వారాలు నడిచింది, క్రికెట్ మింగేసింది. మిగిలింది పొద్దున పెద్దమ్మ చెప్పే కథలే. ఏడు చేపల కథలో చీమ "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అనే చోట పద్దెనిమిది గొంతులు ఒక్కసారి లేస్తాయి. రెండు ఇళ్ల అవతలికి వినిపిస్తుంది. ఏడున్నరకి అలారం అవసరం లేదు.

ఆ పదకొండేళ్ల పిల్లకి ఇప్పుడు పదిహేడు. 2019 ఆగస్టు నుంచి మేము బతిమాలి ఒక పక్కింటామెని తోడు పెట్టినా, నిజంగా ఫస్ట్ పీరియడ్‌కి రోజూ కూర్చోగలిగింది అరుగు కుదిరాకే. ఎనిమిదో తరగతిలో లెక్కలు ఒకటో ఎక్కం నుంచి మొదలుపెట్టింది. పదిలో లెక్కలకి 41 వచ్చాయి. పాసు మార్కు 35. ఇప్పుడు ప్లస్ టూ, కామర్స్.

వచ్చే నెల పెద్దమ్మకి కంటిశుక్లం ఆపరేషన్. రెండో కన్ను. డాక్టరు నాలుగు వారాలు పొయ్యి దగ్గరికి, దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు. గోడ మీద సుద్దతో కొత్త పట్టిక రాశారు. సోమ, మంగళ, బుధ, శుక్ర, శనివారాలకి పేర్లున్నాయి. గురువారం దగ్గర ఖాళీ. ఆ రోజు ఖాళీగా ఉండే ఒకే ఒక్కామె, వంద రూపాయల గొడవలో జుట్టు పట్టుకున్నామె. నిన్న చీటీ పాట ఆమెని పంపాం, మాట్లాడి రమ్మని. ఇంకా ఏ సంగతీ తెలియలేదు.